ఆ వాక్యం తీసేయండి: ఎల్ పాసో తెలుగువారికి ఒక బహిరంగ లేఖ

ఎల్ పాసోలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు, ఏటా కొత్త విద్యార్థుల కోసం సూచనల పత్రం తయారుచేసే మిత్రులకు,

నమస్కారం.

మీ పత్రం ఈ ఏడు కూడా చూశాను. అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫోను కనెక్షను, కందిపప్పు దొరికే కొట్టు, ఎడారి ఎండలో మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోవడం, అన్నీ శ్రద్ధగా రాశారు. విమానాశ్రయానికి ఎవరు కారు తెస్తారో కూడా రాశారు. ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చిన పిల్లలకు మీరు చేస్తున్న సాయం చిన్నది కాదు. చివర్లో మాత్రం, టెక్సాస్ అంచున ఉన్న మన ఊరికి నది అవతల, మెక్సికోలో ఉన్న హ్వారెజ్ నగరం గురించి, మిగతా అక్షరాల కన్నా లావుగా, ఒక వాక్యం ఉంది: "హ్వారెజ్ వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి."

మొన్న ఆగస్టులో దిగిన ఒక అమ్మాయి ఆ కాగితం నాకు చూపించి, "అక్కా, ఆ ఊరు నా గది కిటికీలోంచి కనిపిస్తోంది. రాత్రిపూట దీపాలు ఎంత బాగుంటాయో. అది అంత భయంకరమైన చోటా?" అని అడిగింది. ఏదో చెప్పి మాట దాటవేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ వాక్యం రాసింది నేనే.

2010 వేసవిలో నలుగురం కూర్చుని ఆ పత్రం మొదటి ప్రతి తయారుచేసినప్పుడు, ఆ మాట ఉండి తీరాలని పట్టుబట్టాను. ఇప్పుడు దాన్ని తీసేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. అప్పుడు ఎందుకు రాశానో చెప్పకుండా ఇప్పుడు ఎందుకు తీసేయమంటున్నానో చెబితే న్యాయంగా ఉండదు. కాస్త పొడవవుతుంది, ఓపికగా చదవండి.

నేను 2006లో ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చేయడానికి వచ్చాను. టెక్సాస్ అనగానే మా ఇంట్లోవాళ్లకు డల్లాస్, హ్యూస్టన్ గుర్తొచ్చేవి. డల్లాస్ ఇక్కడికి దాదాపు పది గంటల కారు ప్రయాణమనీ, మెక్సికో మాత్రం నడిచి వెళ్లేంత దూరమనీ చెబితే నాన్న నమ్మలేదు. భూటాన్ మఠాల చూరులను తలపించే మా కాలేజీ భవనాలు, వెనక ఫ్రాంక్లిన్ కొండలు, ఎదురుగా లోయ నిండా హ్వారెజ్. అవతలి కొండ మీద తెల్లటి పెద్ద అక్షరాలతో స్పానిష్‌లో ఒక రాత ఉంటుంది, మీరూ చూసే ఉంటారు: బైబిలే సత్యం, దాన్ని చదువు అని. నాకు వచ్చిన తొలి స్పానిష్ వాక్యం అదే. రోజూ కళ్లెదురుగా ఉంటే రాక ఏమవుతుంది?

మనం హైదరాబాద్, సికింద్రాబాద్‌లను జంట నగరాలంటాం. ఇవి అలా పక్కపక్కన పుట్టిన రెండు ఊళ్లు కూడా కావు. 1659లో స్పానిష్ మతగురువులు నెలకొల్పిన చర్చి చుట్టూ పెరిగిన పాసో దెల్ నోర్తె అనే ఒక్క ఊరే ఉండేది. 1848లో అమెరికా, మెక్సికోల యుద్ధం ముగిసి ఒప్పందం కుదిరాక దాని పక్క నది సరిహద్దు అయింది. ఉత్తరాన ఎల్ పాసో పెరిగింది. దక్షిణాన ఉన్న పాత ఊరికి 1888లో మెక్సికో మాజీ అధ్యక్షుడు బెనితో హ్వారెజ్ పేరు పెట్టారు. నదికి కూడా ఇటు రియో గ్రాండే అని, అటు రియో బ్రావో అని రెండు పేర్లు. 1864లో వరదకు నది దక్షిణానికి జరిగితే, మధ్యలో పడిన చమిసాల్ భూమి ఎవరిదన్న తగవు తేలడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ తగవు తీరాకే నదిని సిమెంటు కాలువలోకి మళ్లించారు. రెండు ఊళ్ల మధ్య ఒకప్పుడు ట్రామ్ నడిచేదట, 1970ల్లో ఆగిపోయింది. ఆ పాత పెట్టెలనే బాగుచేసి 2018 నుంచి మళ్లీ తిప్పుతున్నారు. అవి ఇప్పుడు నదికి ఇవతలే చుట్టు తిరిగి వచ్చేస్తాయి.

మా రోజుల్లో శనివారం వస్తే సాంతా ఫే వంతెన మీద నడిచి అటు వెళ్లేవాళ్లం. చిల్లర వేస్తే తిరిగే గేటు, ఎత్తెక్కే వంతెన, నట్టనడుమ సరిహద్దు గుర్తుగా ఒక లోహపు ఫలకం, కింద కాలువలో పాదం మునిగేన్ని నీళ్లు. దిగగానే హ్వారెజ్ అవెన్యూ: వరసగా మందుల షాపులు, పళ్ల డాక్టర్లు, కళ్లద్దాల కొట్లు. మా ఆరుగురిలో నలుగురం శాకాహారులం. మాకు దిక్కు చిలే రెయ్యెనో. పెద్ద పచ్చిమిరపకాయను కాల్చి, పొట్టు తీసి, జున్ను కూరి, గుడ్డు సొనలో ముంచి వేయించి, గోధుమ రొట్టెలో చుట్టి బరిటోగా ఇస్తారు. గుడ్డు తినని ఇద్దరూ మిరపకాయ ముక్కలు, జున్ను కలిపి చుట్టినది తినేవాళ్లు. మొదటిసారి తిన్నప్పుడు గుంటూరు అమ్మాయి ఒకతె "ఇది మన మిరపకాయ బజ్జీయే, చపాతీలో పెట్టారంతే" అని ఏడ్చినంత పని చేసింది. కొట్టు నడిపే పెద్దావిడ ఏమైందోనని కంగారుపడి ఉచితంగా ఇంకొకటి ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బారులో గంట నిలబడాల్సి వచ్చినా విసుగు ఉండేది కాదు. అదే బారులో హ్వారెజ్ నుంచి రోజూ వచ్చి మాతో చదువుకునే పిల్లలు ఉండేవారు. తెల్లవారుజామున వంతెన మీద నిలబడి హోంవర్కు రాసుకునే తోటి విద్యార్థుల పక్కన కూర్చుని రెండేళ్లు చదివాను.

అప్పటికే అక్కడ హత్యలు లేవని కాదు. 1993 నుంచి అమ్మాయిలు మాయమవుతూనే ఉన్నారు. 2001లో ఒక పత్తి చేనులో ఎనిమిది మంది ఆడవాళ్ల శవాలు దొరికాయి. ఆ కేసులో మెక్సికో ప్రభుత్వమే తప్పు చేసిందని అమెరికా ఖండపు మానవ హక్కుల న్యాయస్థానం 2009లో తీర్పు ఇచ్చింది. కరెంటు స్తంభాల మీద గులాబీ రంగు పూసి, దాని మీద నల్లని శిలువ గీసి ఉంటుంది. మొదట్లో అవేమిటో నాకు తెలియదు. తెలిశాక వాటిని లెక్కపెట్టకుండా ఆ దారిన నడవలేకపోయాను.

2008లో చదువు ముగించి, హ్వారెజ్‌లో కార్లకు వైర్ల జడలు అల్లే ఒక ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో చేరాను. అటువంటి ఫ్యాక్టరీలను అక్కడ మకీలా అంటారు. లైను మీద ఎక్కువమంది ఆడవాళ్లు. అదే ఏడు మార్చిలో సైన్యం ఊళ్లోకి దిగింది. హ్వారెజ్ ముఠా, సినలోవా ముఠా మాదకద్రవ్యాలు అమెరికాకు తరలించే దారి కోసం కొట్టుకుంటున్నాయి. మొదట రాత్రి విందులు ఆగాయి. తర్వాత కంపెనీ పేరున్న బ్యాడ్జీలు మెడలో వేసుకోవద్దన్నారు. రోజూ ఒకే దారిన రావద్దన్నారు. చీకటి పడకముందే వంతెన దాటాలన్నారు. బరిటోల కొట్టు పెద్దావిడను కువోటా అడిగారు, అంటే వారం వారం కట్టే రౌడీ మామూలు. రెండు నెలలు కట్టింది. మూడో నెల షట్టర్ దింపేసింది. ఆ తర్వాత ఆవిడ ఏమైందో నాకు తెలియలేదు. ఊళ్లో పేరున్న హోటళ్లు కొన్ని నదికి ఇటువైపు వచ్చి తెరుచుకున్నాయి. డబ్బున్నవాళ్లు ఎల్ పాసోలో ఇళ్లు తీసుకున్నారు. లేనివాళ్లు తలుపులకు తాళాలు వేసి, వచ్చిన ఊళ్లకు తిరిగి వెళ్లారు. ఫ్యాక్టరీ దారిలో వీధులకు వీధులు కిటికీలు ఊడిపోయి, గోడల్లో వైర్లు పీకేసి కనిపించేవి.

2010 సంగతి మీలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. జనవరి చివర్లో వియ్యాస్ దె సల్వార్కర్ అనే కాలనీలో పుట్టినరోజు పార్టీ మీద పడి పదిహేను మందిని చంపారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది బడి, కాలేజీ పిల్లలు. మార్చిలో అమెరికా కాన్సులేట్ ఉద్యోగిని, ఆమె భర్త కారులో వెళుతూ హతమయ్యారు. ఆ వేసవిలో అటునుంచి వచ్చిన తూటాలు ఎల్ పాసో నగరపాలక భవనానికి తగిలాయి, కొన్ని వారాల తేడాతో మన విశ్వవిద్యాలయ భవనానికీ ఒకటి తగిలింది. సెప్టెంబరులో తమ ఫోటోగ్రాఫర్‌ను పోగొట్టుకున్న ఎల్ దియారియో పత్రిక, ఈ ఊరిని ఏలుతున్నది మీరే కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నామంటూ, "మా నుంచి మీకేం కావాలి?" అని ముఠాలనే ఉద్దేశించి సంపాదకీయం రాసింది. ఒక పత్రిక అంతకన్నా నిస్సహాయంగా రాసిన ఉత్తరం నేను ఎన్నడూ చదవలేదు. ఆ ఒక్క ఏడాదిలో హ్వారెజ్‌లో మూడు వేలకు పైగా హత్యలు జరిగాయి. అదే ఏడాది, నదికి ఇటుపక్క ఎల్ పాసోలో జరిగినవి 5.

ఆ తేడా ఆ వేసవికే కళ్లెదుట కనిపిస్తుంటే నేను ఆ వాక్యం రాశాను. అప్పటికి అది సరైన మాట. ఒక్క అక్షరానికి కూడా సిగ్గుపడను.

సిగ్గుపడేది వేరే సంగతికి. మా లైను సూపర్‌వైజరు ఒకావిడ ఉండేది. నన్ను "ఇంజెనియెరా" అని పిలిచేది, స్పానిష్ నేర్పేది, మధ్యాహ్నం డబ్బాలో నాకోసం మాంసం లేని చిక్కుడు గింజల కూర తెచ్చేది. వాళ్లమ్మాయికి 2010 అక్టోబరులో పదిహేనేళ్లు నిండాయి. ఆ వేడుకను వాళ్లు కిన్సెఅన్యెరా అంటారు, మన ఓణీల వేడుక అనుకోండి. అప్పటికి మమ్మల్ని కంపెనీ ఎల్ పాసో ఆఫీసుకు మార్చేసింది. ఆవిడ శాటిన్ రిబ్బను కట్టిన గులాబీ రంగు కార్డు పట్టుకుని వంతెన దాటి వచ్చి ఇచ్చింది. "నువ్వు చీర కట్టుకుని రావాలి, మా అమ్మాయికి మాటిచ్చాను" అంది. చీకటి పడేలోగా అందరూ ఇళ్లకు చేరాలని వేడుక మధ్యాహ్నమే పెట్టుకున్నారు. ఆకుపచ్చ మంగళగిరి చీర ఇస్త్రీ చేసి కట్టుకున్నాను. వంతెన దగ్గర కారు ఆపాను. పావుగంట స్టీరింగు పట్టుకుని కూర్చుని, తిరిగి వచ్చేశాను.

నూట ఇరవై కుర్చీలు వేస్తే నలభై మంది వచ్చారట. ఎల్ పాసోలో ఉన్న సొంత మేనమామలే రాలేదు. మిగిలిన భోజనం వీధిలో పిల్లలకు పంచారు. నెల తర్వాత కలిసినప్పుడు, "అర్థమైంది, నీ చోట ఉంటే నేనూ అదే చేసేదాన్ని" అంది. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం వైపు చూడలేదు.

నేరం గురించి రాసేవాళ్లు శవాలను లెక్కపెడతారు. ఖాళీ కుర్చీలను ఎవరూ లెక్కపెట్టరు. పద్ధెనిమిదేళ్లుగా ఈ నది ఒడ్డున నేను చూస్తున్నది వాటినే: ఆదివారం అమ్మమ్మ ఇంటికి వెళ్లడం మానేసిన మనవలు, అటువైపు పెళ్లి ముహూర్తాలు పగటికి మార్చుకున్న కుటుంబాలు, వచ్చే వారం వెళ్దాంలే అని పదేళ్లు వాయిదా వేసిన స్నేహాలు.

2011 నుంచి హత్యలు తగ్గడం మొదలైంది. 2015కు వచ్చేసరికి ఏడాదికి మూడు వందల చేరువకు వచ్చాయి. అవెన్యూలో దీపాలు మళ్లీ వెలిగాయి. 2016 ఫిబ్రవరిలో పోప్ ఫ్రాన్సిస్ వచ్చి నది పక్కనే ప్రార్థన జరిపితే, రెండు ఒడ్డుల మీదా జనం నిలబడి విన్నారు. నేను మెల్లగా మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. మన పత్రం మాత్రం మారలేదు. ప్రతి ఆగస్టులో తేదీ మార్చి అదే వాక్యం అచ్చేశాం. అక్కడి లెక్కలు ఎవరూ చూడలేదు, నేనూ చూడమనలేదు. ఏటా మెట్రిక్యులేషను పుస్తకంలో పాఠంలాగా అది కొత్తవాళ్ల నోటికి వచ్చేసింది. మొన్న ఒక ఇంట్లో విన్నాను: నాలుగేళ్లుగా ఇక్కడ ఉంటూ ఒక్కసారి కూడా నది దాటని కుర్రవాడు, "అక్కడికి వెళ్తే తిరిగి రారు" అని ఇంకొకరికి చెబుతున్నాడు.

తర్వాత మళ్లీ పెరిగాయి, అది దాచను. 2018 నుంచి కొన్నేళ్ల పాటు ఏటా దాదాపు వెయ్యి, అంతకు పైనే. 2022 ఆగస్టు 11న జైల్లో మొదలైన గొడవ వీధుల్లోకి వచ్చి, ఒక్కరోజులో పదకొండు మంది చనిపోయారు. వాళ్లలో రేడియో స్టేషను ఉద్యోగులూ ఉన్నారు. అమెరికా విదేశాంగ శాఖ హ్వారెజ్ ఉన్న చివావా రాష్ట్రాన్ని మూడో స్థాయి హెచ్చరికలో పెట్టింది, అంటే వెళ్లే ముందు మరోసారి ఆలోచించుకోండి అని. నేను అదే అంటున్నాను. ఆలోచించుకోమనడం వేరు, ఎట్టి పరిస్థితుల్లోనూ అనడం వేరు. ఇంకో మాట. అక్కడ పేలే తుపాకుల విషయానికి వస్తే, మెక్సికో పట్టుకుని ఆరా తీయించిన వాటిలో ఎక్కువ భాగం అమెరికా నుంచి వెళ్లినవే. వాళ్లు ఏ సరుకు దారి కోసం కొట్టుకున్నారో ఆ సరుకు కొనేవాళ్లూ ఇటువైపే ఉన్నారు. 2009 జనవరిలో ఎల్ పాసో నగర మండలి, మాదకద్రవ్యాల నిషేధం గురించి దేశమంతా నిజాయితీగా చర్చించాలని ఏకగ్రీవంగా తీర్మానం చేస్తే మేయరు దాన్ని వీటో చేశారు. నది మధ్యలో గీత గీసి, పాపమంతా అటు, పుణ్యమంతా ఇటు అనుకోవడానికి వీలు లేదు.

ఇక 2019 ఆగస్టు 3. ఆ శనివారం పొద్దున బడులు తెరిచే ముందు సరుకుల కోసం సియెలో విస్తా మాల్ పక్కన ఉన్న వాల్‌మార్ట్ కిటకిటలాడుతోంది. హ్వారెజ్ వాళ్లు కూడా అక్కడికే వస్తారు. ఒకడు తుపాకీతో వచ్చి, మెక్సికన్లను ఏరి చంపాలని కాల్చాడు. ఇరవై మూడు మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఎనిమిది మంది మెక్సికో పౌరులు. పుస్తకాల సంచులు కొనడానికి వచ్చినవాళ్లు ఉన్నారు, బడి పిల్లల ఫుట్‌బాల్ జట్టు కోసం తలుపు దగ్గర నిలబడి చందాలు పోగుచేస్తున్నవాళ్లు ఉన్నారు.

నా ఫోను మోగింది. మా పాత సూపర్‌వైజరు. "ఇంజెనియెరా, నువ్వు క్షేమమేనా? ఇంట్లోంచి కదలకు" అంది. తొమ్మిదేళ్ల కిందట నేను రాలేకపోయిన ఊరి నుంచి, నా ఊళ్లో జాగ్రత్తగా ఉండమని చెప్పింది. వాళ్లమ్మ ఆ తర్వాత ఏడాది పాటు ఎల్ పాసోలో అడుగు పెట్టలేదు. భయం ఈసారి వంతెనకు అటువైపు కూర్చుంది.

ఆ హంతకుడు ఏ నదీ దాటి రాలేదు. రాత్రంతా కారు నడుపుకుంటూ డల్లాస్ శివారులోని అలెన్ నుంచి వచ్చాడు. అలెన్ మనలో చాలామందికి అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉన్న ఊరు. మంచి బడులు, వెడల్పాటి వీధులు, దగ్గరలో గుళ్లు. 2023 మే 6న ఆ అలెన్‌లోనే ఒక షాపింగు కేంద్రంలో ఇంకొకడు కాల్పులు జరిపి ఎనిమిది మందిని చంపాడు. వాళ్లలో హైదరాబాద్ నుంచి వచ్చి ఉద్యోగం చేసుకుంటున్న మన అమ్మాయి ఒకరు ఉన్నారు. ఆ వారం మన ఇళ్లలో పొయ్యిలు సరిగా వెలగలేదు. అయినా "అలెన్ వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి" అని మనం ఏ కాగితంలోనూ రాయలేదు. రాయకూడదు కూడా. అక్కడ మనవాళ్లు ఉన్నారు, ఆ ఊరు మనకు లోపలి నుంచి తెలుసు, ఒక హంతకుడి పేరు మీద ఊరిని కొలవకూడదని ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసింది. హ్వారెజ్‌లో పదిహేను లక్షల మంది ఉన్నారు. ఎల్ పాసోలో ఉన్నవాళ్లకు రెండింతలకు పైనే. వాళ్ల విషయంలో ఆ తెలివి మనకు ఎందుకు రాలేదు?

నాకైనా ఎప్పుడో రావలసింది. నేను విద్యానగర్‌లో పెరిగాను. 1990 డిసెంబరు అల్లర్లప్పుడు నాకు ఆరేళ్లు. అంతకుముందు అమ్మ లాడ్ బజారుకు వెళ్లి గాజులు తెచ్చేది, మూసీ మీద నయాపూల్ దాటేటప్పుడు నన్ను బస్సు కిటికీ దగ్గర కూర్చోబెట్టేది. కర్ఫ్యూ పోయింది, అల్లర్లు పోయాయి, "పాతబస్తీ వైపు వెళ్లొద్దు" అన్న మాట మా ఇంట్లో పదమూడేళ్లు ఉండిపోయింది. డిగ్రీలో స్నేహితురాలు చేయి పట్టుకుని తీసుకెళ్తే గాని చార్మినార్ కింద నిలబడలేదు. గాజుల దుకాణదారు, "మీ అమ్మగారు ఇప్పుడు రావడం లేదా?" అని అడగలేదు, అడగడానికి ఆయనకు అమ్మ గుర్తు లేదు. పదమూడేళ్లలో ఎవరైనా మరిచిపోతారు. మూసీ దగ్గర అలా పెరిగిన నేను ఇక్కడ రియో గ్రాండే దగ్గరకు వచ్చి, కొత్త పిల్లలకు మా అమ్మ చెప్పిన మాటే చెప్పాను.

ఆ వాక్యం కాగితంలోనే ఉండిపోతే ఇంత బాధ పడను. పోయిన కార్తీక మాసంలో ఒకరింట్లో వ్రతానికి వెళ్లాను. వంటింట్లో గిన్నెలు కడిగే ఆవిడ హ్వారెజ్ నుంచి రోజూ వంతెన దాటి వస్తుంది. హాల్లో మనవాళ్లు ముగ్గురు ఆ ఊరి గురించి మాట్లాడుతున్నారు: ముఠాలు, తలలు, సంచులు. ఆవిడకు తెలుగు రాదు. హ్వారెజ్ అన్న మాట మాత్రం ఏ భాష మధ్యలో వచ్చినా తెలుస్తుంది. కుళాయి కట్టేసి, చేతిలో సబ్బు నురగతో అలాగే నిలబడి వింది. తర్వాత కుళాయి మళ్లీ తిప్పింది. మన పళ్లేల్లో పులిహోర వడ్డించే ఇంట్లో, ఆవిడ పిల్లలు పెరిగే ఊరిని అలా మాట్లాడటం నాకు తల వంచుకునేలా చేసింది. దయచేసి అది ఆపండి. కాగితం సంగతి తర్వాత, ముందు అది ఆపండి.

ఇక కాగితం విషయం. పిల్లల భద్రత మీద మీకున్న ఆదుర్దా నాకూ ఉంది, నా కూతురికి పదమూడేళ్లు. అందుకే ఆ వాక్యం తీసేసి ఖాళీగా వదలమనడం లేదు. దాని బదులు తెలిసిన విషయాలు రాయండి. పగటిపూట వెళ్లండి, నలుగురు కలిసి వెళ్లండి, వంతెన దిగాక అవెన్యూ, చర్చి, మార్కెట్టు వరకూ ఉండండి, తెలియని కాలనీల్లోకి వెళ్లకండి, చీకటి పడకముందే తిరిగి రండి. ఆ వారం వార్తలు చూసి బయలుదేరండి. మత్తు పదార్థాల జోలికి వెళ్లకండి, ఎవరిచ్చిన సంచీ మోయకండి. ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

వీసా భయం వేరే భయం. అది ముఠాల భయం కన్నా ఈ రోజుల్లో పిల్లలను ఎక్కువగా పట్టి పీడిస్తోంది, దాన్ని కొట్టిపారేయను. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్లను మెక్సికో వేరే వీసా అడగదు, వంతెన దిగగానే వలస కార్యాలయంలో పాస్‌పోర్టు చూపించాలి. తిరిగి రావడానికి పాస్‌పోర్టు, వీసా, విశ్వవిద్యాలయం ప్రయాణ సంతకం చేసి ఇచ్చిన ఐ-20 అనే విద్యార్థి పత్రం చేతిలో ఉండాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగాకే కదలమనండి. వీసా గడువు తీరినవాళ్లు, కేసు ఏదైనా నడుస్తున్నవాళ్లు వెళ్లవద్దని స్పష్టంగా రాయండి. వెళ్లలేకపోవడానికి అది సరైన కారణం. ఊరు చెడ్డది కాబట్టి వెళ్లడం లేదని మాత్రం ఎవరికీ చెప్పనివ్వకండి.

అటువైపు ఏముందో కూడా రెండు ముక్కలు రాయండి. బీమా లేని పిల్లలకు పంటి నొప్పి వస్తే ఇక్కడ ఎంతవుతుందో మీకు తెలుసు. అవెన్యూలో పళ్ల డాక్టర్ల దగ్గరకు ఎల్ పాసో వాళ్లు తరతరాలుగా వెళుతున్నారు. 1659లో నెలకొల్పిన ఆ చర్చి ఇప్పటికీ ఉంది, దాని చెక్క దూలాల మీద చెక్కుడు పని చూస్తే కాసేపు కదలబుద్ధి కాదు. 2013లో నిలబెట్టిన ఎర్రటి ఎక్స్ ఆకారపు శిల్పాన్ని ఇటునుంచి రోజూ చూస్తూనే ఉంటారు, దగ్గరకు వెళ్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. గులాబీ రంగు మీద నల్ల శిలువలున్న స్తంభాలను కూడా చూడమనండి. అవి ఎందుకున్నాయో చెప్పి చూపించండి. ఆ ఊరి తల్లులు తమ పిల్లల కోసం పోలీసులతో, ప్రభుత్వంతో ఇన్నేళ్లు ఎలా పోరాడారో మన ఆడపిల్లలకు తెలియాలి.

మా సూపర్‌వైజరు ఇప్పుడు పని మానేసింది. ఆ రోజు పదిహేనేళ్లు నిండిన అమ్మాయి బడిలో లెక్కలు చెబుతోంది. వచ్చే నెల మొదటి శనివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మని పిలిచారు. ఎంతమంది వస్తారని అడిగితే, తెలియదు, ఉత్తరం రాసి కనుక్కుంటానన్నాను. ఎన్ని కుర్చీలు వేయమంటావని అడిగింది.

ఉదయం తొమ్మిదికి సాంతా ఫే వంతెనకు ఇవతల, ఎల్ పాసో వీధి చివర నిలబడి ఉంటాను. కార్లు ఇటే వదిలేద్దాం, నడిచే వెళ్దాం. శాకాహారులకు విడిగా వండుతారు, గుడ్డు కూడా వద్దనేవాళ్లు ముందే చెప్పండి. పాస్‌పోర్టులు, కాగితాలు రాత్రే చూసి పెట్టుకోండి. మూడు గంటలకల్లా తిరుగు బారులో ఉంటాం. ఆకుపచ్చ చీర కట్టుకుని ఉంటాను, గుర్తుపట్టడం తేలిక. గేటుకు చిల్లర అందరికీ నేనే తెస్తాను. ఎంతమంది వస్తున్నారో బుధవారం లోగా చెప్పండి, కుర్చీల సంఖ్య ఆవిడకు చెప్పాలి.

ఇట్లు,
ఎల్ పాసో నుంచి మీ అక్క